గాలి సంచి మోసే బరువెంత?

ఎయిర్‌బ్యాగ్ అనగానే ప్రమాదం జరిగినప్పుడు స్టీరింగ్‌లోంచి టప్పున పొంగి ముఖాన్ని కాపాడే సంచి గుర్తొస్తుంది. ఈ వారం చెప్పుకోబోయేది దాని గురించి కాదు. పికప్ ట్రక్కు వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య, చక్రానికొకటి చొప్పున బిగించే రబ్బరు సంచుల గురించి. పేరు ఒకటే గానీ పని వేరు. వెనక బరువు పెరిగి బండి కుంగిపోయినప్పుడు వీటిలోకి గాలి కొడితే తోక మళ్లీ పైకి లేస్తుంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పికప్‌కు కారవాన్‌నో పడవనో తగిలించి సెలవులకు బయల్దేరేవాళ్లకు ఇవి బాగా తెలిసిన సరుకు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలోనూ కారు పక్కన పికప్ నిలబెట్టుకుంటున్నవారున్నారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: పెట్టె మీద 5,000 పౌండ్లు అని రాసుంది కదా, అంటే బండి అంత అదనంగా మోస్తుందా?

మోయదు. ఒక్క పౌండు కూడా అదనంగా మోయదు. అయినా ఆ సంచులు కొనదగ్గవే. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో చెప్పడానికే ఈ కాలమ్.

కుంగిన పికప్ ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున కూరగాయల మార్కెట్ దారిలో నిలబడితే చాలు. టమాటా ట్రేలో సిమెంటు బస్తాలో నింపుకుని, వెనక చతికిలబడి, ముక్కు ఆకాశానికెత్తి వచ్చే బండ్లు వరసగా కనిపిస్తాయి. ఎదురుగా వచ్చేవాడికి హెడ్‌లైట్లు నేరుగా కళ్లలో కొడతాయి. లోపల కూర్చున్నవాడికి స్టీరింగ్ తేలిగ్గా, ఎటు తిప్పితే అటు తిరిగేదిగా అనిపిస్తుంది. అది హాయి కాదు, ముందు చక్రాల మీద బరువు తగ్గిందనడానికి గుర్తు. గుంత వచ్చినప్పుడు వెనక ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలి దభీమంటుంది. స్ప్రింగు కదలడానికి ఇక చోటు లేదన్నమాట.

దీనికి మన ఆటోనగర్లలో దశాబ్దాలుగా చేస్తున్న వైద్యం ఒకటుంది: కమాన్ కట్టకు మరో పట్టీ వేయించడం. చవక, గట్టి, ఎవరైనా చేయగలరు. చిక్కల్లా ఆ పట్టీ శాశ్వతంగా ఉండిపోవడంతోనే. సరుకు దించేసి ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు కూడా అది అంతే గట్టిగా ఉంటుంది. బండి ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పుతాయి, డ్రైవరు నడుము సంగతి సరేసరి. గాలి సంచి గొప్పదనమంతా ఇక్కడే ఉంది. లోడున్నప్పుడు గాలి ఎక్కించవచ్చు, లేనప్పుడు తీసేయవచ్చు.

ఈ ఊహ కొత్తదేం కాదు. అమెరికాలో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ 1930లలోనే గాలి స్ప్రింగుల మీద ప్రయోగాలు చేసింది. 1950లలో అవి దూరప్రయాణపు బస్సులకు ఎక్కాయి. గ్రేహౌండ్ కోసం జనరల్ మోటార్స్ 1954 నుంచి తయారుచేసిన సీనిక్రూజర్ బస్సు గాలి మీదే తేలుతూ పోయేది. మన దగ్గర మామూలు ప్రయాణికుడికి ఆ సుఖం తెలిసింది 2001లో వోల్వో బీ7ఆర్ బస్సులు వచ్చాక. రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి పొద్దున బెంగళూరులో దిగినవాళ్లు నిద్రపట్టిందని చెప్పుకున్నారంటే ఆ పుణ్యంలో సగం సీట్లది, సగం కింద ఉన్న గాలి సంచులది. కానీ బస్సుకూ పికప్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బస్సులో గాలి సంచే అసలు స్ప్రింగు. దానికి తగ్గట్టే ఇరుసు, ఛాసిస్, బ్రేకులు మొదటి నుంచీ రూపొందించారు. పికప్‌కు మనం తర్వాత బిగించేది సాయపు స్ప్రింగు మాత్రమే. కమాన్ కట్ట అలాగే ఉంటుంది, దాని పక్కన ఇది చేయూతనిస్తుంది.

ఇప్పుడు ఆ 5,000 సంగతి. గాలి స్ప్రింగు లెక్క చాలా సులువు: గాలి ఒత్తిడిని సంచి వైశాల్యంతో గుణిస్తే అది నెట్టే బలం వస్తుంది. వైశాల్యం 25 చదరపు అంగుళాలనుకుందాం. 100 పీఎస్‌ఐ, అంటే పంక్చర్ షాపు భాషలో 100 పాయింట్లు కొడితే, ఒక్కో సంచి 2,500 పౌండ్ల బలంతో నెడుతుంది. రెండూ కలిపితే 5,000 పౌండ్లు, మన లెక్కలో సుమారు 2,270 కిలోలు. పెట్టె మీద రాసిందాంట్లో అబద్ధం లేదు. సంచికి అంత బలం ఉంది. కానీ సంచి నెట్టేది దేన్ని? పైన ఛాసిస్‌ను, కింద ఇరుసును. ఆ ఇరుసు గొట్టం, చక్రం బేరింగులు, రిమ్ములు, టైర్లు, బ్రేకులు ఏవీ మారలేదు. కంపెనీల కరపత్రాల్లోనూ వాహన తయారీదారు చెప్పిన పరిమితిని మించవద్దన్న వాక్యం ఉంటుంది, చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లో ఉండేది 5,000. అమ్మకపు విద్య అంటే ఇదే.

అసలు పరిమితి ఎక్కడుంటుందంటే డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద. అమెరికాలో అమ్మే ప్రతి పికప్‌కూ అక్కడ ఒక స్టిక్కరు ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు మించరాదు అని. డ్రైవరు కూడా ఆ లెక్కలోని మనిషే. ఒకే మోడల్‌లో కూడా ఈ అంకె బండి బండికీ మారుతుంది. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద చక్రాలు వంటి హంగులు పెరిగేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది. షోరూములో ఎంత మురిపించే బండి అయితే అంత తక్కువ మోస్తుందని చెప్పుకోవచ్చు.

ఒక లెక్క చేసి చూద్దాం. స్టిక్కరు మీద 725 కిలోలు ఉందనుకోండి. వెనక తగిలించే ట్రెయిలర్ సామానుతో కలిపి 2,950 కిలోలు. ఈ రకం ట్రెయిలర్ల బరువులో 10 నుంచి 15 శాతం దాకా పికప్ కొక్కెం మీద పడుతుంది. 12 శాతం వేసుకుంటే 354 కిలోలు. పెద్దలిద్దరు, ఎదిగిన పిల్లలిద్దరు కలిపి 270. హిచ్ సామగ్రి 40. వెనక తొట్టిలో జనరేటరు, మంచినీళ్లు, బొగ్గుల పొయ్యి, కుర్చీలు 90. మొత్తం 754. అంటే 29 కిలోలు ఎక్కువ. ఈ బండి లాగగల బరువు 4,000 కిలోలకు పైనే అని ప్రకటనలో ఉండి ఉండవచ్చు. ఆ అంకెకు చాలా దూరంలో ఉండగానే మోసే పరిమితి దాటిపోయింది. ఇక్కడ సంచులు బిగిస్తే ఏమవుతుంది? బండి సమంగా నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. 29 కిలోలు మాత్రం ఎక్కడికీ పోవు. పైగా కిట్ బరువు కూడా కలుస్తుంది.

ఈ ‘చూడ్డానికి బాగుండటం’ దగ్గరే అసలు ప్రమాదం ఉంది. కుంగుబాటు అనేది బండి మనకు చేసే హెచ్చరిక. జ్వరం తగ్గించే మాత్రలాగా గాలి సంచి ఆ హెచ్చరికను తీసేస్తుంది. జబ్బు ఉందో లేదో మళ్లీ విడిగా చూసుకోవాలి.

మరో అపోహ ఇంకా బలమైనది. వెనక భాగం లేచి బండి సమంగా నిలబడింది గనుక ముందు చక్రాల మీద బరువు మళ్లీ వచ్చేసిందనుకుంటారు. రాదు. కొక్కెం వెనక ఇరుసుకు మీటరున్నర వెనక ఉందనుకోండి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు. పార్కులో పిల్లలు ఊగే బల్లలాంటిదే ఇది. కొక్కెం మీద 354 కిలోలు పడితే ముందు ఇరుసు మీద సుమారు 143 కిలోలు తగ్గుతాయి. ఆ బరువు కూడా వెనక ఇరుసు మీదికే చేరి, అక్కడ పెరిగేది దాదాపు 500 కిలోలవుతుంది. సంచుల్లో గాలి కొడితే బల్ల వంపు మారుతుంది గానీ రెండు వైపులా ఉన్న బరువులు మారవు. ముందుకు బరువు తిరిగి పంపే సాధనం వేరే ఉంది. దాన్ని వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అంటారు. ఉక్కు కడ్డీలను బిగదీసి ట్రెయిలరుకూ పికప్‌కూ మధ్య బరువును పంచుతుంది. పెద్ద ట్రెయిలరు లాగేవాళ్లు ముందు కొనాల్సింది అది. రెండూ ఉంటే, సంచుల్లో కనీసపు గాలి మాత్రమే ఉంచి హిచ్‌ను సరిచేసుకుని, ఆ తర్వాత మిగిలిన కాస్త కుంగుబాటును గాలితో సర్దుకోవాలి. తిరగేసి చేస్తే, గాలి ముందే బండిని లేపేసి ఉంటుంది కాబట్టి కడ్డీలు ఎంత బిగించాలో తెలియదు. గాలివాటుకు ట్రెయిలరు అటూ ఇటూ ఊగిపోయే జబ్బుకు కూడా గాలి సంచి మందు కాదు.

ఆస్ట్రేలియాలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ నాలుగు తలుపుల పికప్‌ను డ్యూయల్ క్యాబ్ యూట్ అంటారు. క్యాబిన్ పొడుగ్గా ఉండటంతో తొట్టిలో ఎక్కువ భాగం వెనక ఇరుసుకు వెనకే పడుతుంది. దానిలో అదనపు డీజిల్ ట్యాంకు, ఫ్రిజ్, స్పేరు చక్రాలు నింపి, వెనక కారవాన్ తగిలించి, మట్టిరోడ్ల మీద వందల కిలోమీటర్లు పోతారు. అలా పోయిన బండ్లలో కొన్ని క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఛాసిస్ వంగిపోయి, అరటికాయలా నిలబడ్డాయి. అన్నింటికీ గాలి సంచులే కారణమనలేం. అతి బరువు, అతి వేగం, అధ్వాన్నపు రోడ్డు అన్నీ కలిసే ఆ పని చేస్తాయి. కానీ సంచులకు అందులో వాటా ఎందుకుందో మన కావడి చెబుతుంది.

కమాన్ కట్ట ఛాసిస్‌ను రెండు చోట్ల పట్టుకుంటుంది, ఇరుసుకు ముందొకటి, వెనకొకటి. బరువు ఆ రెండు హ్యాంగర్లకూ పంచుకుపోతుంది. గాలి సంచి మాత్రం సరిగ్గా ఇరుసుకు పైన ఒకే చోట నెడుతుంది. సంచిలో ఎంత ఎక్కువ గాలి ఉంటే అంత ఎక్కువ బరువు రెండు హ్యాంగర్లను వదిలి ఆ ఒక్క చోటికి చేరుతుంది. భుజం మీద కావడి బద్ద ఎలా వంగుతుందో చూశాం కదా. ఒక కొసన క్యాబిన్, ఇంజను, రెండో కొసన తొట్టి, ట్రెయిలరు, మధ్యలో భుజంలా గాలి సంచి. గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ బద్ద మీద ఒక కుదుపు. కమాన్‌ను దాదాపు పూర్తిగా పక్కకు నెట్టి, 80, 90 పాయింట్ల గాలితో మట్టిరోడ్డు మీద పరిగెత్తించడం ఛాసిస్‌కు ఎవరూ చెప్పని శిక్ష. అక్కడి అనుభవజ్ఞులు మట్టిరోడ్డు రాగానే గాలి తగ్గించి, వేగం తగ్గించి, బరువును వీలైనంత ఇరుసుకు ముందు వైపు సర్దమంటారు. బండికి అధికారికంగా ఎక్కువ బరువు అనుమతి కావాలంటే పరీక్షించి ధ్రువీకరించిన స్ప్రింగుల మార్పిడి చేయించుకోవాలి. కేవలం గాలి సంచులు బిగిస్తే ఆ కాగితం రాదు.

ఇంత చెప్పాక కూడా వీటిని కొనదగ్గవే అనడం ఎందుకంటే, పరిమితి లోపలే ఉన్నా కుంగే బండ్లు బోలెడు. ఈ కాలపు పికప్‌లను కంపెనీలు కార్లలా మెత్తగా చేస్తున్నాయి. కొనేవాళ్లలో చాలామంది ఏడాదిలో పది రోజులు మాత్రమే లోడు వేస్తారు. ఆ పది రోజుల కోసం మిగతా 355 రోజులు గట్టి కమాన్‌తో ఎగిరిపడటం ఎవరికీ ఇష్టముండదు. అలాంటివాళ్లకు గాలి సంచి చక్కని జవాబు. పనిముట్ల పెట్టె ఒక వైపే ఉండి బండి పక్కకు ఒరిగేవాళ్లకు కూడా. ఒక సంచిలో పది పాయింట్లు ఎక్కువ కొడితే ఒరుగు పోతుంది. ఏ కమానూ చేయలేని పని అది. రోజూ ఒకే బరువు, ఒకే సరుకు మోసే వర్తకుడికి మాత్రం నేను సంచులు సిఫార్సు చేయను. అతనికి కంపెనీ వారి గట్టి కమానో, అసలు ఒక మెట్టు పెద్ద బండో మేలు. గాలి కారడం, పైపు తెగడం వంటి బెడదలుండవు. మధ్యస్థంగా ఉండేవాళ్లకు గట్టి రబ్బరు దిమ్మలు కూడా దొరుకుతాయి. బంప్ స్టాప్ స్థానంలో అవి కూర్చుంటాయి. గాలి లేదు, పైపు లేదు, సర్దుబాటూ లేదు.

ఎంచుకునే ముందు బండి కిందికి వంగి చూడాలి. వెనక కమాన్ ఉందా, చుట్ట స్ప్రింగు ఉందా? ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500లలో మామూలు రకాలకు కమానే. రామ్ 1500 మాత్రం 2009 మోడల్ నుంచి చుట్ట స్ప్రింగులకు మారింది, టొయోటా టండ్రా 2022 మోడల్ నుంచి. చుట్ట స్ప్రింగు బండికి చుట్ట లోపలే దూరే పొడుగాటి సంచి ఉంటుంది. దాని బలం తక్కువ, మామూలు రకానికి జత కలిపి 1,000 పౌండ్లు. గాలి కూడా 35 పాయింట్లు మించకూడదు. చవక, బిగించడం తేలిక. కమాన్ బండికి ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య విడిగా కూర్చునే, నడుము నొక్కుకుపోయినట్టుండే సంచి వస్తుంది. 5 నుంచి 100 పాయింట్ల దాకా పట్టే రకమిదే. ఈ రెండింటిలో కంపెనీ ఏదైనా ఫైర్‌స్టోన్, ఎయిర్ లిఫ్ట్ వంటి పేరున్న వాటికి పెద్ద తేడా లేదు. సంచి లోపలే రబ్బరు దిమ్మ ఉన్న రకానికి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు. ఎందుకంటే సంచి బిగించేటప్పుడు చాలా బండ్లలో అసలు బంప్ స్టాప్‌ను తీసేయాల్సి వస్తుంది. రేపు దారిలో గాలి పోతే ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఆ లోపలి దిమ్మే దిక్కు.

గాలి కొట్టే ఏర్పాటు రెండో నిర్ణయం. సైకిల్ ట్యూబుకు ఉన్నట్టే ఒక్కో సంచికి ఒక్కో వాల్వు, వాటిని నంబరు ప్లేటు పక్కన బిగిస్తే సరిపోతుంది. పెట్రోలు బంకులో గాలి కొట్టుకోవచ్చు. బండిలోనే చిన్న కంప్రెసరు, డ్యాష్‌బోర్డు మీద మీటో ఫోన్‌లో యాపో కావాలంటే ఆ సరదాకు సంచుల ఖరీదంత అవుతుంది. వారానికి రెండు మూడుసార్లు లోడు మారేవాళ్లకు తప్ప అది అనవసరమని నా అభిప్రాయం. ఏదైనా రెండు సంచుల పైపులూ విడివిడిగా ఉండాలి. డబ్బు కలిసొస్తుందని రెండింటినీ టీ ముక్కతో కలిపేస్తే, మలుపులో బరువు పడిన వైపు సంచిలోని గాలి రెండో వైపుకు పారిపోతుంది. ఏ వైపు ఆసరా కావాలో ఆ వైపే మెత్తబడి బండి ఇంకా ఒరుగుతుంది.

బిగించడం చేయి తిరిగినవాడికి రెండు మూడు గంటల పని. చాలా కిట్లకు ఛాసిస్‌లో రంధ్రాలు వేయక్కర్లేదు. వేయాలంటున్న కిట్ అయితే రెండోసారి ఆలోచించాలి. పని మొదలుపెట్టక ముందే ఖాళీ బండికి చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత ఎంత గాలి కొట్టాలో చెప్పేది ఈ కొలతే. ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, వెనక భాగం జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరవద్దు. ఇరుసు కిందికి దిగితే సంచికి చోటు వస్తుంది. బంప్ స్టాప్ తీసి, పై బ్రాకెట్‌ను దాని స్థానంలో, కింది బ్రాకెట్‌ను ఇరుసు మీద యూ బోల్టులతో బిగించాలి. బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేకు తీగ ఆ బోల్టుల కింద నలగకుండా వేలితో తడిమి చూసుకోవాలి. సంచి పూర్తిగా పొంగినప్పుడు చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ఎక్కడ రాసుకుంటే అక్కడే చిరుగుతుంది.

ఎక్కువ కిట్లు పాడయ్యేది సంచి వల్ల కాదు, పైపు వల్ల. ప్లాస్టిక్ పైపును కటింగ్ ప్లేయరుతో కోస్తే మూతి నలిగి గుండ్రం పోతుంది, అక్కడ గాలి కారుతుంది. కొత్త బ్లేడుతో నిటారుగా కోసి, ఫిట్టింగ్‌లోకి గట్టిగా నెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. సైలెన్సరు గొట్టానికి కనీసం జానెడు దూరంలో పోనివ్వాలి. ఆ వైపు సంచికి కిట్‌తో వచ్చే వేడి రేకును పెట్టడం మరవద్దు. ఇరుసు కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి పైపును బిగుతుగా లాగి కట్టకూడదు. అంతా అయ్యాక సూచించిన గరిష్ఠం దాకా గాలి కొట్టి అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు పూయండి, పంక్చర్ షాపులో ట్యూబుకు చేసినట్టే. బుడగ రాకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చూడండి. రెండు మూడు పాయింట్లు తగ్గితే గేజి పెట్టినప్పుడు పోయిన గాలే అనుకోవచ్చు. పది తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. తొలి 800 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించాలి.

వాడకంలో గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. ఖాళీ బండి అయినా సంచిలో 5 పాయింట్ల గాలి ఉండాల్సిందే. పూర్తిగా ఖాళీ చేస్తే రబ్బరు మడత పడి, ఇనుప పళ్లేల మధ్య నలిగి చిరుగుతుంది. పంక్చరు వేయించేటప్పుడు ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే ఇరుసు బరువంతా వేలాడి సంచి సాగిపోతుంది. ముందు గాలి తగ్గించాలి, లేదా ఇరుసు కింద జాకీ పెట్టాలి. లోడు వేశాక మడ్‌గార్డు ఎత్తు మళ్లీ కొలిచి, ఖాళీ బండి కొలతకు దగ్గరగా వచ్చేదాకా కొద్దికొద్దిగా గాలి ఎక్కించండి. అంతకంటే పైకి లేపితే ముక్కు కిందికి దిగి, ప్రయాణం బిగుసుకుపోతుంది. ఆ తర్వాత కాటా దగ్గరికి పోయి తూకం వేయించాలి. అమెరికా హైవేల మీద లారీలు ఆగేచోట క్యాట్ స్కేల్ అనే కాటాలు ముందు, వెనక ఇరుసుల బరువు, ట్రెయిలరు బరువు విడివిడిగా ముద్రించి ఇస్తాయి. కొద్ది డాలర్ల ఖర్చు. కిట్ మీద మూడు నాలుగు వందల డాలర్లు పెట్టినవాళ్లు ఈ కొద్దిపాటికి వెనకాడతారెందుకో నాకు అర్థం కాదు.

మన దేశంలో ఈ సరదా ఇప్పుడిప్పుడే మొదలైంది. మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ 2016లో, టొయోటా హైలక్స్ 2022లో వచ్చాక పికప్ కేవలం సరుకు బండి కాదన్న సంగతి తెలిసింది. రెండింటికీ వెనక కమాన్ కట్టే. వాటికి తొట్టి మీద గుడారం, ఇనుప బంపరు, పెద్ద టైర్లు తగిలించి లడఖ్ దారి పట్టేవాళ్లకు విదేశీ గాలి సంచులు కళ్లకు ఆనుతున్నాయి. వాళ్లు ఒక సంగతి తప్పక కనుక్కోవాలి. కొన్ని పికప్‌లలో, ముఖ్యంగా పాత తరం హైలక్స్‌ల వంటి వాటిలో, వెనక బ్రేకుకు వెళ్లే నూనె ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు ఒకటుంటుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న కడ్డీ ఎంత కదిలిందో చూసి, బండి ఎంత కుంగిందో దాన్నిబట్టి బరువు ఊహిస్తుంది. సంచులు బండిని లేపేస్తే ఆ వాల్వు లోడు లేదనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. నిండు లోడుతో ఘాటు దిగుతున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ వాల్వు ఉందా, ఉంటే దాన్ని తిరిగి సరిచేయగలరా అని సర్వీసు కేంద్రంలో అడగాలి. వారంటీ మాట కూడా అక్కడే కాగితం మీద రాయించుకోవాలి.

చట్టం సంగతి సూటిగా ఉంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు ఏ సంచితోనూ, ఏ అదనపు పట్టీతోనూ మారదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం అతి లోడుకు 20 వేల రూపాయలు, మించిన ప్రతి టన్నుకూ మరో 2 వేలు జరిమానా నిర్ణయించింది. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా బండివాళ్లదే. టమాటా ట్రేల బండి యజమానికి ఇది తెలియక కాదు. కిరాయి ట్రిప్పుకింత అని మాట్లాడుకుంటున్నంత కాలం మరో పది ట్రేలు పైన పడేయమనే వ్యాపారి ఉంటాడు, పడేసుకునే డ్రైవరూ ఉంటాడు. అక్కడ గాలి సంచి వస్తే కుంగుబాటు కనపడకుండా పోతుంది, చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డవాడికి కంటితో పసిగట్టే ఆధారమూ పోతుంది. అప్పుడు మిగిలేది కాటా ఒక్కటే.